ముందు నడవాలి, తర్వాతే మెరవాలి

నేరేడ్‌మెట్ చౌరస్తా నుంచి సైనిక్‌పురి, వాయుపురి, డిఫెన్స్ కాలనీల వైపు వీధుల వెంట ఒకసారి నడిచి చూడండి. మెట్ల కిందో, పోర్టికో మూలనో, టార్పాలిన్ కప్పుకుని నిలబడ్డ పాత బుల్లెట్ ఎక్కడో ఒక ఇంట్లో కనిపిస్తుంది. ఈ కాలనీల్లో సైన్యం నుంచి రిటైరై స్థిరపడినవాళ్లు ఎక్కువ. సరిహద్దు పహరా కోసం మన సైన్యం 1950ల మొదట్లోనే రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌ను ఎంచుకుంది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ మొదలైంది. తొలినాళ్లలో ఇంగ్లండులోని రెడ్డిచ్ నుంచి వచ్చిన భాగాలను ఇక్కడ బిగించేవాళ్లు, తర్వాత తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో బండి మొత్తం తయారయింది. సైన్యంలో యంత్రాల మరమ్మతు నేర్పే ఈఎంఈ కళాశాల మనకు పక్కనే, తిరుమలగిరిలోనే ఉంది. అంటే బుల్లెట్ నడిపినవాళ్లూ, దాన్ని విప్పి బిగించడం తెలిసినవాళ్లూ ఈ వీధుల్లోనే ఇళ్లు కట్టుకున్నారు.

ఆ తరం నెమ్మదిగా వెళ్లిపోతోంది, బండ్లు మిగిలాయి. నాన్నగారి బుల్లెట్‌ను మళ్లీ నడిపించాలన్న కోరిక మీలో ఉంటే ఈ అధ్యాయం మీకోసమే. యెజ్డీ, జావా, రాజ్‌దూత్ ఉన్నవాళ్లకూ ఇందులో చాలా భాగం పనికొస్తుంది. కొలతలు మాత్రం బుల్లెట్ 350 పాత ఇనుప ఇంజినువి చెబుతాను.

ముందుగా గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. ఇంట్లో మొదలుపెట్టిన పాత బండి పనులు ఆగిపోయేది డబ్బు చాలకో, నైపుణ్యం చాలకో కాదు. మొదటి ఆదివారమే బండి మొత్తం విప్పేయడం వల్ల. విప్పుతుంటే ఉత్సాహంగా ఉంటుంది. ప్రతి పది నిమిషాలకూ చేతిలోకి ఒక ముక్క వస్తుంది, పని జరుగుతోందనిపిస్తుంది. సాయంత్రానికి ఛాసిస్ ఒంటరిగా నిలబడుతుంది, మిగతాదంతా రెండు గోనె సంచుల్లోకి వెళ్తుంది. తర్వాతి వారం పెళ్లి, ఆ తర్వాత ఆఫీసు పని, తర్వాత వానలు. ఆరు నెలలు గడిచాక సంచి తెరిస్తే ఏ వాషర్ ఎక్కడిదో గుర్తుండదు. చివరికి ఆ సంచులు తూకానికి పోతాయి. మూలన నిలబడి ఉన్నప్పుడు అది కనీసం బండి. సంచిలోకి వెళ్లాక ఇనుము.

అందుకే ఒక నియమం పెట్టుకోండి: ఒక వ్యవస్థ విప్పి, బాగుచేసి, బిగించాకే ఇంకోదాని మీద చెయ్యి వేయాలి. కరెంటు పని పట్టుకుంటే అది ముగిసేదాకా పెట్రోలు ట్యాంకు జోలికి పోవద్దు. సాయంత్రం లైటు తీసేసే ముందు ఆ రోజు విప్పినది మళ్లీ బండి మీద ఉండాలి, లేదా పేరు రాసిన డబ్బాలో ఉండాలి. ఈ అలవాటు పట్టుబడితే బండి ఎంత పాతదైనా ఏదో ఒక రోజు రోడ్డెక్కుతుంది. పని మొదలుపెట్టడానికి మనం మంచిరోజు చూస్తాం, ముగించడానికి ఎవరూ రోజు పెట్టుకోరు. ప్రతి చిన్న పనికీ ముగింపు పెట్టుకోవడం నేర్చుకోవాలనే పాత బండిని ఈ పుస్తకంలోకి తెచ్చాను.

పానా పట్టేముందు కాగితాలు చూడండి. ఆర్సీ ఎవరి పేరున ఉంది? చాలా ఇళ్లలో ఇంకా కాలం చేసిన పెద్దాయన పేరునే ఉంటుంది. యజమాని మరణించాక వారసుల పేరుకు మార్చుకోవడానికి ఫారం 31 ఉంది. కొన్న బండైతే ఫారం 29, 30. సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, తర్వాత ఫారం 25తో ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఛాసిస్ మీదా, ఇంజిన్ కేసు మీదా కొట్టిన నంబర్లు ఆర్సీలో ఉన్నవాటితో అక్షరం అక్షరం కలవాలి. పలచని కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసి దాచుకోండి. కాగితాలే లేని బండిని చవగ్గా వస్తోందని కొనొద్దు. ఎంత అందంగా తయారుచేసినా దాన్ని ఇంటి గేటు దాటించలేరు.

వింటేజ్ నంబరు గురించి చాలామంది అడుగుతుంటారు. కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో మోటారు వాహనాల నిబంధనలు సవరించి దీనికి విడిగా రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్లు దాటి ఉండాలి. ఛాసిస్‌లో, బాడీలో, ఇంజిన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. కొత్తగా రిజిస్టర్ చేయడానికి 20,000 రూపాయలు, మళ్లీ రిజిస్టర్ చేయడానికి 5,000. పదేళ్లు చెల్లుతుంది, నంబరులో ‘వీఏ’ అనే అక్షరాలు వస్తాయి. గౌరవంగానే ఉంటుంది కానీ ఒక చిక్కుంది. ఆ బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోజువారీ తిరుగుడుకు తీయకూడదు. మల్కాజిగిరి దాకా వెళ్లి కూరగాయలు తేవాలనుకునేవాళ్లకు మామూలు రిజిస్ట్రేషనే మేలు. నా మటుకు నాకు బండి నడవడమే ముఖ్యం, కాబట్టి అటే మొగ్గుతాను.

సామాన్ల విషయంలో ఒక్క జాగ్రత్త. పాత బుల్లెట్‌లో చాలా నట్లు, బోల్టులు ఇంగ్లండు కొలతలవి, మిల్లీమీటర్లవి కావు. ఇంట్లో ఉన్న పానా కొంచెం వదులుగా పట్టినా సరిపోయిందనుకుని గుంజితే బోల్టు మూలలు అరిగిపోతాయి. ఒక అరిగిన బోల్టు ఆదివారం మొత్తాన్ని మింగేస్తుంది. విట్‌వర్త్ పానాల సెట్టు ఒకటి కొనుక్కోండి, రింగు పానాలైతే ఇంకా మంచిది. తుప్పు పట్టినవాటికి ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి పెట్టండి. విప్పిన చిన్న ముక్కలకు కోడిగుడ్ల అట్ట ట్రేని మించింది లేదు. విప్పిన వరసలోనే గుంటల్లో పెడుతూ వెళ్తే బిగించేటప్పుడు వెనకనుంచి తీసుకోవడమే. ఇంట్లో పదేళ్లు దాటిన పిల్లలుంటే ఆ ట్రే బాధ్యత వాళ్లకివ్వండి, సెల్‌ఫోన్‌తో ప్రతి దశా ఫొటో తీయమనండి. వాళ్లు మనకంటే శ్రద్ధగా చేస్తారు.

ఇప్పుడు ఇంజిన్ దగ్గరికి వద్దాం. ఏళ్ల తరబడి ఆగిన బండిని ఆత్రంగా కిక్ కొట్టొద్దు. పిస్టన్ సిలిండర్‌కు పట్టేసి ఉంటే బలవంతం చేసినకొద్దీ రింగులు విరుగుతాయి. ప్లగ్గు తీసి ఆ రంధ్రంలోంచి రెండు మూడు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు బండిని టాప్ గేరులో పెట్టి వెనక చక్రాన్ని చేత్తో ముందుకూ వెనక్కూ మెల్లగా ఆడించండి. కదిలితే సగం చింత తీరినట్టే. కదలకపోతే మళ్లీ నూనె, మళ్లీ ఒక రాత్రి. వారమైనా సరే. ఓపిక పట్టలేమనుకునేవాళ్లు పట్టగలమని తెలుసుకునేది ఇక్కడే.

ఇంజిన్ తిరుగుతోందంటే మూడే సంగతులు చూడాలి: నిప్పు, పెట్రోలు, కంప్రెషన్. నిప్పుతో మొదలుపెట్టండి. ఖర్చు తక్కువ, నేర్చుకునేది ఎక్కువ. కాంటాక్ట్ బ్రేకర్ పాయింట్ల మూత తీస్తే రెండు చిన్న లోహపు బొడిపెలు కనిపిస్తాయి. మెల్లగా కిక్ తిప్పుతుంటే కామ్ వచ్చినప్పుడల్లా అవి విడిపోయి మళ్లీ కలుసుకుంటాయి. విడిపోయే ఆ క్షణంలోనే కాయిల్‌లో పుట్టిన కరెంటు ప్లగ్గు దగ్గర నిప్పురవ్వవుతుంది. ఏళ్లు ఆగిన బండిలో ఆ బొడిపెల మీద బూడిదరంగు పొర పేరుకుంటుంది. సన్నని జీరో ఎమరీ ముక్కను వాటి మధ్య పెట్టి రెండు మూడుసార్లు లాగండి, ఆ తర్వాత పెట్రోలులో తడిపిన మందపాటి తెల్ల కాగితం లాగండి. మొదటిసారి కాగితం మీద నల్లటి గీత పడుతుంది. గీత పడకుండా కాగితం తెల్లగా వచ్చేదాకా లాగాలి. తర్వాత పాయింట్లు పూర్తిగా విడిపోయిన చోట కిక్ ఆపి ఫీలర్ గేజ్ పెట్టండి. ఖాళీ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. గేజ్ రేకు సన్నని రాపిడితో జారాలి, వదులుగా ఆడకూడదు.

సరిగ్గా కుదిరిందో లేదో బండే చెబుతుంది. హెడ్‌లైటు డూమ్ మీద ఉన్న అమ్మీటర్ చూడండి. బ్యాటరీ పెట్టి, చావీ తిప్పి, కిక్‌ను చేత్తో మెల్లగా నొక్కుతుంటే పాయింట్లు కలిసినప్పుడు ముల్లు మైనస్ వైపు వాలుతుంది, విడిపోగానే మధ్యకు వస్తుంది. ఆ చిన్న ముల్లు కదలికలో లోపల ఏం జరుగుతోందో కళ్లకు కడుతుంది. బాగుచేసిన పాయింట్లు కొద్ది రోజులకే మళ్లీ కాలి నల్లబడుతుంటే తప్పు వాటిది కాదు, కండెన్సర్ పోయిందని అర్థం. మార్చేయండి.

పెట్రోలు ట్యాంకు పని ఎండాకాలంలో పెట్టుకోండి. కడిగిన ట్యాంకు గంటలో ఎండాలి. తడి మిగిలితే మీ కళ్ల ముందే లోపల మళ్లీ ఎర్రటి తుప్పు పూస్తుంది. రోహిణి కార్తె ఎండ ఈ ఒక్క పనికి వరం. పాత పెట్రోలు ఖాళీ చేసి, సబ్బునీళ్లతో జిడ్డు వదిలించి, కాక్ తీసిన రంధ్రాన్ని గట్టిగా మూసేయండి. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు లీటరు నీళ్లకు 50 నుంచి 100 గ్రాముల చొప్పున వేడినీళ్లలో కరిగించి ట్యాంకు నిండా పోసి రాత్రంతా ఉంచండి. మర్నాడు ఆ నీళ్లు ముదురు రంగులో బయటికొస్తాయి. గట్టి పెచ్చులు ఉంటే గుప్పెడు నట్లు దారానికి గుచ్చి లోపల వేసి ఊపండి. దారానికి గుచ్చితే ఒక్కటి కూడా లోపల మిగిలిపోదు. తర్వాత తినే సోడా కలిపిన నీళ్లతో కడగాలి, లేకపోతే మిగిలిన ఆమ్లం పని చేస్తూనే ఉంటుంది. మంచినీళ్లతో మళ్లీ కడిగి, ఎండలో ఆరబెట్టి, కొద్దిగా ఇంజిన్ ఆయిల్ పోసి లోపలంతా తగిలేలా తిప్పి వంపేయండి. ఇంత చేశాక చిల్లు కనిపిస్తే వెల్డింగు మాత్రం ఇంట్లో తలపెట్టొద్దు. ఖాళీ ట్యాంకులో మిగిలే పెట్రోలు ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదం.

ఆ ఆవిరి గురించి ఇంకో మాట. అది గాలికంటే బరువు, నేల వెంట పాకుతుంది. పోర్టికోలో ట్యాంకు విప్పుతున్నప్పుడు వంటింటి పొయ్యి, గ్యాస్ గీజరు, పూజగదిలో దీపం ఆరి ఉన్నాయో లేదో చూసుకోండి. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి. పని సాగడానికి వాళ్ల సహకారం మీ నైపుణ్యమంత అవసరం. నేల మీద పాత అట్టలు పరిచి, సాయంత్రం ఎత్తేసి కడిగే మనిషిని ఇంట్లో ఎవరూ ఆపరు.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, ఆ కాలపు రబ్బరు పైపులనూ, వాషర్లనూ మెత్తబరుస్తుంది. పెట్రోలు పైపు కొత్తది వేయండి. బండి నెల రోజులు తీయరనుకుంటే కాక్ కట్టేసి, కార్బురేటర్‌లో ఉన్నది ఖాళీ చేయండి. కార్బురేటర్ శుభ్రం చేసేటప్పుడు జెట్లలో సూది గుచ్చవద్దు. ఇత్తడి మెత్తన, రంధ్రం వెడల్పయితే ఆ బండి జీవితాంతం పెట్రోలు తాగుతుంది. కరెంటు వైరులోంచి తీసిన ఒక్క రాగి పోగు చాలు.

కంప్రెషన్‌కు ముందు టాపెట్లు చూడండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, పిస్టన్ కంప్రెషన్‌లో పైకొచ్చిన చోట, పుష్‌రాడ్ వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. ఆగి ఉన్న బుల్లెట్‌లో ఇంజిన్ ఆయిల్ తన అరలోంచి మెల్లగా కిందికి దిగి క్రాంక్‌కేసులో నిలుస్తుంది. స్టార్ట్ చేయగానే పొగ కమ్ముకుంటే బోర్‌కు వచ్చిందని బెంబేలు పడకండి. చాలాసార్లు ఆ నూనె కాలడమే కారణం. అసలు స్టార్ట్ చేయకముందే అడుగున డ్రెయిన్ బోల్టులు తీసి పాతదంతా వంపేసి, ఫిల్టరు మార్చి, కొత్త 20డబ్ల్యూ50 పోయండి. బండి మోగాక మొదటి నిమిషంలోనే రాకర్లకు నూనె తీసుకెళ్లే పైపు బోల్టు కాస్త వదులు చేయండి. అక్కడ నూనె ఊరితే పంపు పని చేస్తోంది. ఊరకపోతే వెంటనే ఆపేయండి.

ఇక కిక్. డీకంప్రెషర్ లీవర్ నొక్కి, పిస్టన్‌ను కంప్రెషన్ దాటించి, లీవర్ వదిలి, కిక్ పైనుంచి కిందిదాకా ఒకే ఊపులో తొక్కాలి. బలం కాదు, ఆ చోటు దొరకడం ముఖ్యం. 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు ఉన్న ఇంజిన్ అది. పిస్టన్ చాలా దూరం ప్రయాణిస్తుంది కాబట్టే ఆ నిదానమైన డగ్‌డగ్ మోత వస్తుంది. ఏళ్ల తర్వాత మెట్ల కింద ఆ మోత వినబడినప్పుడు ఇంట్లో పెద్దవాళ్ల ముఖాలు ఒకసారి చూడండి. అమ్మ బయటికి వచ్చి నిలబడుతుంది. మిగిలిన నెలల పనికి కావలసిన బలం అక్కడ దొరుకుతుంది. రంగు వేయించి, క్రోమ్ చేయించి, మూగబండిని ముందు పెట్టుకున్నవాళ్లకు ఆ బలం అందదు. ముందు నడవాలి అని నేను పట్టుబట్టేది అందుకే.

మోగింది కదా అని గేటు తీసేయకండి. బ్రేకులు, టైర్లు చూడాలి. టైరు పక్కన అండాకారపు గడిలో ఉండే నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2314 అని ఉంటే 2014లో 23వ వారం తయారీ. గాడులు ఎంత లోతుగా ఉన్నా అలాంటి పాత రబ్బరును నమ్మొద్దు. డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదడం, కంప్రెషర్‌తో గాలి కొట్టడం పనికిరాదు. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయండి.

ఏది ఇంట్లో చేసుకోవాలి, ఏది బయట ఇవ్వాలన్న తేడా కూడా తెలియాలి. సిలిండర్ బోరింగ్, క్రాంక్ పని, వెల్డింగ్, క్రోమ్ ప్లేటింగ్ బయటే. క్రోమ్ రసాయనాలు విషం, ఇంట్లో వాటి ఊసే వద్దు. బోరింగ్‌కు ఇచ్చేటప్పుడు ముందు ఓవర్‌సైజ్ పిస్టన్ కొని, దాన్ని కొలిచి ఆ కొలతకే బోరు చేయమని అడగండి. బేరింగులు, సీళ్ల కోసం రాణిగంజ్ వెళ్లండి, పాత ముక్క చేతిలో పట్టుకుని వెళ్లండి. బేరింగు మీద నంబరు చదవడం వస్తే కొట్లో మీ మాటకు విలువ పెరుగుతుంది. 6204 అని ఉంటే చివరి 04ని ఐదుతో గుణించండి, లోపలి రంధ్రం 20 మిల్లీమీటర్లు. 6205 అయితే 25. బండి స్పేర్లకు పుత్లీబౌలి వైపు కొట్లున్నాయి. అక్కడ తొందరపడకుండా ఒక కొట్టులో మాట కలిపి కూర్చుంటే పాత తరం వ్యాపారులు మీరు అడగని సంగతులు కూడా చెబుతారు. ఈ పని ఇచ్చే పెద్ద లాభం నా దృష్టిలో ఇదే. కంప్యూటరు ముందు పదేళ్లు పనిచేసినా పరిచయం కాని మనుషులు ఒక ఆయిల్ సీలు వల్ల పరిచయమవుతారు.

మొదటి తిరుగుడు తెల్లవారుజామున, కాలనీ లోపలే. పాత బుల్లెట్‌లో గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉంటాయి. మొదటి గేరు పైకి, మిగతావి కిందికి. ఇప్పటి బండ్లకు అలవాటు పడ్డ కాలు ఆపదలో గేరును తొక్కుతుంది. కాళ్లు కొత్త అలవాటు నేర్చుకునేదాకా ఆర్కే పురం ఫ్లైఓవర్ ఎక్కొద్దు. కొత్త పిస్టన్ వేయించి ఉంటే మొదటి 500 కిలోమీటర్లు గంటకు 40, 50 దాటించకండి, ఆ తర్వాత నూనె మార్చి, చల్లని ఇంజిన్ మీద హెడ్ నట్లు, టాపెట్లు మళ్లీ చూడండి.

రంగు సంగతి ఇప్పుడు. ఇప్పుడు అంటే బండి కొన్ని నెలలు నడిచాక. తిరువొత్తియూరులో ట్యాంకు మీది బంగారు గీతలను తరాలుగా ఒకే కుటుంబంవాళ్లు కుంచెతో, చేత్తో గీస్తూ వచ్చారు. మీ ట్యాంకు మీద ఆ గీతలు సగమైనా మిగిలి ఉంటే దయచేసి గీకించవద్దు. మెత్తటి గుడ్డతో తుడిచి, పాలిష్ పట్టించి, అరిగిన చోటును అరిగినట్టే ఉండనివ్వండి. నాన్నగారి మోకాళ్లు తగిలి అరిగిన చోటది. తుప్పు రేకును తినేస్తుంటే మాత్రం రంగు తప్పదు. వానాకాలంలో వేయించకండి, గాలిలో తేమకు రంగు తెల్లగా మసకబారుతుంది. సంక్రాంతి తర్వాత ఇవ్వండి. ఛాసిస్ ఇవ్వాల్సివస్తే నంబరు కొట్టిన చోట మందంగా టేపు అంటించి, ఇసుక కొట్టొద్దని పెయింటరుకు నోటితో చెప్పి, కాగితం మీదా రాసివ్వండి. ట్యాంకు, మడ్‌గార్డులు, టూల్‌బాక్సులు ఒక్కొక్కటిగా పంపండి. ట్యాంకు పెయింటరు దగ్గర ఉన్న వారంలో వెనక చక్రం పోచలు బిగించుకోవచ్చు.